పెద్దాయన హస్తవాసి

ఆ షాపులో ఆమెను అందరూ చిన్నది అంటారు. పెళ్ళై, కూతురు హైస్కూలు దాటే వయసుకొచ్చి, తన నెత్తిన తెల్లవెంట్రుకలు మొలిచినా ఆమె చిన్నదే. అన్న ఒకడున్నాడు గనక అతను పెద్దోడు. ఇద్దరికీ పైన తండ్రి ఉన్నాడు గనక ఆయన పెద్దాయన. కార్లకు కరెంటు పని చేసే షాపు అది. ముందువైపు రెండు బళ్ళు పట్టేంత చోటు, వెనక ఒక బల్ల, గోడ నిండా మేకులకు వేలాడే వైరు చుట్టలు.

పెద్దాయన అంటే ఆ వీధిలో గురి. బానెట్ ఎత్తి ముక్కు ఆనించి, ఏ వైరు కాలిందో వాసన పట్టి చెప్పేవాడు. "వైరు అబద్ధం చెప్పదు. అడగడం మనకి రావాలి," అనేవాడు. పెద్దోడికి పని అంతంతమాత్రం గానీ నోట్లో తేనె ఉంది. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం, టీ తెప్పించడం, రేపు రమ్మని ఎల్లుండి దాకా తిప్పడం అతని వంతు. చిన్నదానిది సన్నటి ఒళ్ళు. డాష్‌బోర్డు కింద తల దూర్చి, కాళ్ళు తలుపు బయట పెట్టి గంటల తరబడి పని చేసేది. ఆ కాళ్ళు చూసి ఎవరైనా "లోపల ఎవరండీ?" అంటే, "మా చెల్లెలు లెండి, నేర్చుకుంటోంది," అనేవాడు పెద్దోడు. ఆమె ఇరవై ఏళ్ళుగా నేర్చుకుంటూనే ఉంది.

ఎక్కువగా వచ్చే పని హారన్లూ, ఫాగ్ లైట్లూ. కంపెనీ ఇచ్చిన హారన్ ఎవరికీ ఆనదు. పెద్ద హారన్‌కి పెద్ద కరెంటు కావాలి, అంత కరెంటు స్టీరింగు మీది బుల్లి బటన్ మోయలేదు. అందుకని మధ్యలో రిలే పెడతారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద నల్లటి డబ్బా. బటన్ నొక్కితే లోపలి కాయిల్ అయస్కాంతమై టక్కున లాగుతుంది, పెద్ద కరెంటు పారుతుంది. ఈ రిలేలు బిగించడంలో పెద్దాయనకి సాటి లేదని పేరు.

ఆ పేరుకి మచ్చ పడటం మొదలైంది కొత్త బళ్ళు వచ్చాకే. హారన్ పెట్టించుకుని వెళ్ళిన బండి కొన్నాళ్ళకి వెనక్కొచ్చేది. మీటరు ముల్లు పిచ్చిపట్టినట్టు ఆడుతోందనో, నడుస్తూ నడుస్తూ ఇంజను ఆగిపోతోందనో అనేవాళ్ళు. చూస్తే బండి కంప్యూటరు పోయి ఉండేది. ఆ కంప్యూటర్లు బాగుచేసే ఆయన వెనక వీధిలో ఉండేవాడు. ఆయన్ని అందరూ బోర్డు డాక్టరు అనేవాళ్ళు. ఒకరోజు చిన్నది పాడైన కంప్యూటరు బోర్డు పట్టుకెళితే ఆయన భూతద్దం ఆమె చేతికిచ్చాడు.

"చూడమ్మాయ్, ఆ మూల. నల్లగా పొక్కిందే, అది మీ రిలే తన్నిన తన్ను."

"రిలే తన్నడమేంటండీ?"

"కాయిల్లో కరెంటు ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. స్విచ్చు తీశావనుకో, అలిగిన అల్లుడిలా గుమ్మాన్ని తన్ని మరీ పోతుంది. ఆ తన్ను వంద వోల్టులు దాటుతుంది. పన్నెండు వోల్టులకి అలవాటుపడ్డ ప్రాణం ఎన్నని కాచుకుంటుంది? ఒక్క దెబ్బకి చావదు. హారన్ కొట్టి వదిలినప్పుడల్లా ఒక దెబ్బ. ఓరోజు కన్ను మూస్తుంది."

ఆయనే సొరుగులోంచి ఒక డయోడ్ తీసి చూపించాడు. జీలకర్ర గింజ కంటే కాస్త లావు, అటూ ఇటూ రెండు తీగ కాళ్ళు. దాన్ని కాయిల్‌కి అడ్డంగా బిగిస్తే ఆ విసురు బయటికి రాకుండా కాయిల్లోనే తిరిగి తిరిగి చల్లారిపోతుందన్నాడు. చిన్నది గుప్పెడు కొని తెచ్చింది. ఆ సాయంత్రమే తండ్రి ముందు పెట్టింది.

పెద్దాయన అరచేతిలో ఒకటి వేసుకుని చూశాడు.

"రాగితీగ చుట్టిన ఇనుపముక్క తన్నుతుందా? అదేమన్నా గాడిదా?"

"పాత బళ్ళలో కంప్యూటరు లేదు నాన్నా. తన్నినా తగిలేవాడు లేడు. ఇప్పుడున్నాడు."

"ఉంటే వాడు గట్టిగా ఉండాలి. వాడి చేతకానితనానికి నా పని మార్చుకోవాలా?" అని దాన్ని బల్ల మీదికి విసిరాడు. "నీకు స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో నేర్పింది నేను. నువ్వొచ్చి నాకు గింజలు చూపిస్తున్నావు."

పెద్దోడు పక్కనే ఉన్నాడు. గోడవైపు తిరిగి ఎవరికో ఫోను చేస్తున్నట్టు నటించాడు.

మర్నాటి నుంచి చిన్నది ఒక పద్ధతి పెట్టుకుంది. మధ్యాహ్నం పెద్దాయన ఇంటికెళ్ళి తిని కునుకు తీసి వచ్చేవాడు. ఆ వేళలో ఆమె ఆయన బిగించిన రిలే మూతలు విప్పి, కాయిల్ కాళ్ళ మధ్య డయోడ్ పెట్టి, టంకం వేసి, నల్ల ప్లాస్టిక్ గొట్టం లాంటి స్లీవు తొడిగి, మళ్ళీ ఆయన చుట్టినట్టే టేపు చుట్టేది. ఆయన టేపు ఎడమ నుంచి కుడికి చుడతాడు. ఆమె కూడా అలాగే చుట్టేది. రెండోసారో మూడోసారో పెద్దోడు చూశాడు.

"పెట్టుకో. మంచిదే. కానీ ఆయనకి తెలిసిందంటే నేను నీ వైపు మాట్లాడను. తర్వాత అనకు."

"నువ్వెప్పుడు మాట్లాడావు గనక?" అంది చిన్నది. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

బళ్ళు వెనక్కి రావడం ఆగిపోయింది. బోర్డు డాక్టరు ఎదురుపడితే "మీ షాపు నాకు అన్నం లేకుండా చేసిందమ్మాయ్," అని హాస్యమాడేవాడు. పెద్దాయన పేరు మళ్ళీ ఊపందుకుంది. కొత్త బళ్ళు ఎక్కడ హారన్ పెట్టించినా పాడవుతాయి, పెద్దాయన దగ్గర మాత్రం పాడవవు అని చెప్పుకున్నారు. ఒక ట్యాక్సీ ఆయన ఉండేవాడు, షాపుకి పాత చుట్టం లాంటివాడు. "అదీ హస్తవాసి అంటే! పెద్దాయన చెయ్యి పడితే బండికి ఆయుష్షు పోసినట్టే," అని వీధంతా వినబడేలా అనేవాడు. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, డాష్‌బోర్డు కిందున్న కూతురి కాళ్ళవైపు చూసి, "విన్నావా? ఏ గింజలూ లేకుండానే," అనేవాడు.

ఆమె లోపల చీకట్లో నవ్వుకునేది. కొన్నాళ్ళకి ఆ నవ్వు రావడం మానేసింది. ఎప్పుడు మానేసిందో ఆమె గమనించుకోలేదు. తండ్రి పరువు నిలబెడుతున్నానని మొదట్లో అనుకునేది. తర్వాత అలా అనుకోవడానికి కూడా ఓపిక లేక, పళ్ళు తోముకున్నట్టు ఒక అలవాటుగా చేసేది.

నర్సు వచ్చింది ఆ రోజుల్లోనే. ఇళ్ళకి వెళ్ళి మంచం పట్టినవాళ్ళకి కట్లు మార్చి, ఇంజక్షన్లు ఇచ్చి వచ్చే మనిషి. తెల్లారకముందే బయల్దేరాలి, దారిలో పొగమంచు, అందుకని ఫాగ్ లైట్లూ, గట్టి హారనూ కావాలంది. పెద్దాయన బిగించాడు. మధ్యాహ్నం చిన్నది తన వంతు తను చేసింది. నర్సు సంతోషపడింది.

కొన్ని నెలల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. మందుల పెట్టె చల్లగా ఉంచడానికి బండిలో ఒక ప్లగ్ పాయింటు కావాలట. చిన్నది సామాన్లకి బజారుకి వెళ్ళి ఉంది. పెద్దాయన కరెంటు తీసుకోవడానికి తను పెట్టిన రిలే డబ్బానే తెరిచాడు.

చిన్నది తిరిగొచ్చేసరికి బండి వీధి మలుపు తిరుగుతోంది. పెద్దాయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ సాయంత్రం ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు. అది కొత్తేం కాదు గనక ఆమె పట్టించుకోలేదు. ఆ తర్వాత మాత్రం ఆయన మధ్యాహ్నం ఇంటికి వెళ్ళడం మానేశాడు. క్యారియరు తెప్పించుకుని షాపులోనే తినేవాడు. మోకాళ్ళ నొప్పులు, అటూ ఇటూ తిరగలేకపోతున్నా అన్నాడు. ఆమె అదీ నమ్మింది.

చలికాలం మొదట్లో ఒక ఉదయం, పొడుగాటి వంతెన మధ్యలో నర్సు బండి ఆగిపోయింది. ఇంజనుతో పాటు లైట్లు కూడా ఆరిపోయాయి. వెనక వస్తున్న లారీ వాడికి మంచులో నల్లటి బండి కనబడలేదు. ప్రాణం దక్కింది. కుడి మణికట్టు నుజ్జయింది.

కట్టుతో ఆమె షాపుకి వచ్చిన రోజు ట్యాక్సీ ఆయనే తీసుకొచ్చాడు. వెనకే క్రేను మీద బండి వచ్చింది. బోర్డు డాక్టరు అప్పటికే చూసి కంప్యూటరు పోయిందనీ, హారన్ వైరింగ్ వైపు నుంచి దెబ్బ తిందనీ చెప్పాడట.

నర్సు కూర్చోలేదు. "దీని వైరింగ్ ఎవరు చేశారు?" అంది.

పెద్దోడు తడుముకోలేదు. "మా చెల్లెలు చూసిందమ్మా," అన్నాడు.

చిన్నది ఒక వ్యాను కిందనుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకుంటోంది. అన్నని ఒకసారి చూసి, వెళ్ళి బండి బానెట్ ఎత్తి రిలే డబ్బా విప్పింది. కాయిల్ కాళ్ళకి తను వేసిన టంకం చుక్కలు రెండూ అలాగే ఉన్నాయి. మధ్యలో డయోడ్ లేదు. కత్తిరించిన తీగ చివర సన్నటి తోక మిగిలి ఉంది. అలా తోక మిగిల్చే పళ్ళు విరిగిన కట్టరు ఆ షాపులో ఒకటే ఉంది. దాన్ని పెద్దాయన తప్ప ఎవరూ ముట్టరు.

ఆమె డబ్బా చేత్తో పట్టుకునే తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, ఇందులో నేను పెట్టిన డయోడ్ ఏమైంది?"

పెద్దాయన టేపు చుట్ట సరిచేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"డయోడా? అదేంటి?"

 ముందు నర్సే అంది. "ఆయన్నెందుకమ్మా అడుగుతావు? చేసింది నువ్వని మీ అన్నే చెబుతుంటే."

ట్యాక్సీ ఆయన తల పంకించాడు. "తప్పు ఎవరి వల్లయినా జరుగుతుంది తల్లీ. జరిగిందని ఒప్పుకుంటే పోయేదానికి ముసలాయన మీదికి తోస్తావా? ఆయన చెయ్యి ఎలాంటిదో మాకు తెలీదా?"

"నేను చెప్పేది వినండి. నేను ఇందులో..."

"నేను ఈ చేత్తో నరం దొరకబుచ్చుకుని సూది గుచ్చాలి," అంది నర్సు. గొంతు పెంచలేదు. "డాక్టరు ఏమన్నాడో తెలుసా? గరిటె పట్టుకోవచ్చన్నాడు. అది కూడా శుభవార్తలా చెప్పాడు. నువ్వు కనీసం తల దించుకోలేదు."

చిన్నది అప్పుడు తల దించుకుంది. అవమానంతో కాదు. చేతిలోని డబ్బాని చూస్తోంది. కానీ చూసినవాళ్ళకి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

వాళ్ళు వెళ్ళాక ఆమె అన్నని వెనక గదిలోకి లాక్కెళ్ళింది.

"ఆయన దాన్ని కత్తిరించడం నువ్వు చూశావా?"

పెద్దోడు ఖాళీ డబ్బా ఒకటి తీసి వేరే చోట పెట్టాడు.

"చూశావా లేదా?"

"చూశాను."

"చూసి బండి పంపించేశావా? నాకు ఫోను చెయ్యడానికి నీ నోరు పడిపోయిందా?"

"ఆయన మొహం నువ్వు చూడలేదే. చచ్చిన మనిషి మొహంలా ఉంది. అప్పుడు వెళ్ళి తీసింది మళ్ళీ పెట్టు నాన్నా అని ఎలా అనను? ఏదో ఒక బండి, ఏమీ కాదులే అనుకున్నాను."

"సరే. మరి ఇవాళ నా పేరెందుకు చెప్పావు?"

పెద్దోడు చెల్లెలి కళ్ళలోకి చూశాడు. తర్వాతి మాట అతను నిజాయితీగానే అన్నాడు. అందుకే అది ఆమెకి అంత లోతుగా దిగింది.

"ఆయన తట్టుకోలేడు. నువ్వయితే తట్టుకుంటావని."

ఆమె బయటికొచ్చి తండ్రి ముందు నిలబడింది. షట్టరు సగం దించి ఉంది. పెద్దాయన క్యారియరు గిన్నెలు ఒకదానిలో ఒకటి పెడుతున్నాడు.

"కత్తిరించింది నువ్వే కదూ?"

"నా పనిలో దొంగచాటుగా చెయ్యి పెట్టిందెవరు? ముందు అది చెప్పు."

"ఆమె చెయ్యి పోయింది నాన్నా."

పెద్దాయన గిన్నెలు వదిలేశాడు. "నా చెయ్యి ఎప్పుడో పోయింది. ఇన్నేళ్ళూ జనం పొగిడింది నా చేతిని కాదని ఆ రోజు తెలిసింది నాకు. అందరి ముందూ హస్తవాసి, హస్తవాసి అనిపించి, వెనక నుంచి ఇద్దరూ నవ్వుకున్నారు. నన్ను ఆడించారు. కోతిని ఆడించినట్టు ఆడించారు."

ఆమెకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఎవరి కోసమో ఆమే తేల్చుకోలేకపోయింది. నవ్వుకున్న మాట నిజమే. కానీ కోపంతో తన గింజని తెంపి పారేసిన మనిషి, నిండు ప్రాణం ఉన్న ఆడమనిషిని ఆ బండెక్కించి పంపాడన్నది అంతకంటే నిజం.

"నర్సుకి నిజం చెప్పు. ఒక్కసారి చెప్పు. ఇంకేమీ అడగను."

"నాకు చెప్పాల్సిందేమీ లేదు," అని పెద్దాయన షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రే ఆమె భర్తతో మాట్లాడింది. అతను బస్సుల గ్యారేజీలో టైర్ల విభాగంలో పని చేస్తాడు. "ఎన్నాళ్ళుగానో రమ్మంటున్నాను, నీకే ఆ షాపు మీద మమకారం," అన్నాడు. కొద్ది రోజుల్లో ఆమె అక్కడ ఎలక్ట్రీషియన్‌గా చేరింది. షాపు నుంచి తన సోల్డరింగ్ ఐరన్ ఒక్కటే తెచ్చుకుంది. పెద్దోడు వాకిట్లో నిలబడి, "నాలుగు రోజులు కోపం తగ్గనీ," అన్నాడు. బళ్ళవాళ్ళకి సర్దిచెప్పే గొంతుతోనే అన్నాడు.

గ్యారేజీలో చేరాక ఆమె నర్సుని వెతుక్కుంటూ వెళ్ళింది. నర్సు ఇప్పుడు ఒక ఆసుపత్రి కిటికీ వెనక కూర్చుని, వచ్చినవాళ్ళకి ఎడమచేత్తో చీటీలు ఇస్తోంది. వరస తగ్గేదాకా నిలబడి చిన్నది మొత్తం చెప్పింది. డయోడ్ సంగతి, మధ్యాహ్నాల సంగతి, తండ్రి కత్తిరించడం, అన్న చూడటం, ఏదీ దాచలేదు.

నర్సు అంతా విన్నది. నమ్మింది కూడా.

"అయితే చేసింది నువ్వు కాదన్నమాట."

"కాదండీ."

"కానీ ఆ షాపులో ఏం జరుగుతోందో మీ ముగ్గురికీ తలా కొంత తెలుసు. ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారు. ఒకరి మనసు నొప్పించకూడదని ఇంకొకరు. చాలా మంచి కుటుంబం. ఆ బండిలో కూర్చున్నది మాత్రం నేను. నాకొక్కదానికే తెలియదు."

నర్సు ఎడమచేత్తో చీటీల కట్ట సర్దింది.

"మొదటిరోజే నాతో ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఈ ముసలాయన పనిని నేను వెనక నుంచి సరిచేస్తున్నానమ్మా అని, నేను ఇంకో షాపుకి వెళ్ళేదాన్ని కదా?" అంది నర్సు. చిన్నది వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. "పక్కకి జరుగు, ఆయనకి చీటీ ఇవ్వాలి."

బస్సు స్టాపులో కూర్చుని ఆమె చాలాసేపు వచ్చిన బస్సునల్లా వదిలేసింది. నిజం చెప్పేస్తే బరువు దిగుతుందనుకుని వెళ్ళింది. అక్కడ ఇంకో బరువు ఎత్తుకుని వచ్చింది. పైగా అది న్యాయమైన బరువు, దించమని ఎవర్నీ అడగడానికి లేదు.

మరుసటి ఏడు ట్యాక్సీ ఆయన గ్యారేజీ గేటు దగ్గర ఎదురుపడ్డాడు. పాత మాటలు మర్చిపోయినట్టు పలకరించాడు.

"మీ షాపు చూశావా? పెద్ద బోర్డు పెట్టారు. మీ నాన్నగారు ఏదో కొత్త పద్ధతి కనిపెట్టారటగా, రిలే కరెంటుకి కంప్యూటరు కాలకుండా! చిన్న గింజలాంటిది పెడతారట. ఎక్కడెక్కడి నుంచో బళ్ళొస్తున్నాయి. ఈ వయసులో ఆ బుర్ర చూడు!"

ఆమె ఆదివారం వెళ్ళింది. బోర్డు నిజంగానే పెద్దది. పసుపు మీద ఎర్ర అక్షరాలు: 'బండి కంప్యూటరుకి పూర్తి రక్షణ. పెద్దాయన సొంత పద్ధతి.' షాపులో మూడు బళ్ళున్నాయి. పెద్దోడు ఒకరికి టీ ఇస్తూ ఆమెని చూసి కప్పు ఒలికించాడు.

పెద్దాయన బల్ల దగ్గర భూతద్దం పెట్టుకుని డయోడ్ బిగిస్తున్నాడు. బాగా తగ్గాడు. మెడ దగ్గర చొక్కా వదులుగా వేలాడుతోంది. కూతుర్ని చూసి మొహం వెలిగింది. ఆ వెలుగులో ఎక్కడా దొంగతనం లేదు. ఆమె ఎంత వెతికినా కనబడలేదు.

"రా, రా. ఇదిగో, ఇలా చూడు. దీని ఒంటిమీద తెల్ల గీత ఉందే, అది ప్లస్ వైపు ఉండాలి. తిరగేసి పెట్టావో, స్విచ్చు నొక్కగానే ఫ్యూజు ఎగిరిపోతుంది. చాలామందికి ఇది తెలీదు."

"అవును నాన్నా," అంది ఆమె.

"కూర్చో, ఒకటి చేసి చూపిస్తాను."

ఆమె ఆయన పూర్తి చేసిన వాటిని ఒక్కొక్కటే తీసి చూసింది. టంకం చుక్కలు గుండ్రంగా, మెరుస్తూ ఉన్నాయి. స్లీవు సరిగ్గా కూర్చుంది. గీతలన్నీ ప్లస్ వైపే ఉన్నాయి. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇంత బాగా చేయగల మనిషి ఆ రోజే చేసి ఉండవచ్చు కదా అనుకుంటూ ఆమె చివరిదాన్ని బల్ల మీద పెట్టేసి బయటికి నడిచింది.

పెద్దోడు ఆమె వెనకే వీధిలోకి వచ్చాడు. "ఆయన సంతోషంగా ఉన్నాడే. నువ్వు వెళ్ళిపోయాక మంచం పట్టేలా అయ్యాడు. ఏదో ఒకటి చెప్పి లేపాలి కదా. నేనే బోర్డు డాక్టరు దగ్గర నేర్చుకొచ్చి ఆయనకి చూపించాను. రెండోరోజుకల్లా తనదే అనుకున్నాడు. పోనీలే అని..."

"నర్సుకి చెప్పావా?"

"ఎవరికి?"

అడిగాక అతనికే గుర్తొచ్చింది.

"ఇప్పుడు ఆమెని కదిపితే ఏం వస్తుంది చెప్పు? వెళ్దామనే అనుకున్నాను ఒకటి రెండుసార్లు. పనుల్లో కుదరలేదు."

"బోర్డు రాయించడానికి కుదిరింది," అంది చిన్నది.

లోపల్నుంచి పెద్దాయన గట్టిగా పిలుస్తున్నాడు, దీని కాయిల్ ఒకసారి పట్టుకోవే అని. పిలిచింది ఆమెనో, కొత్తగా పనిలో పెట్టుకున్న అమ్మాయినో తెలియలేదు. పెద్దోడు వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ఆమెవైపు చూసి, "నాన్న పిలుస్తున్నాడు," అన్నాడు.

"వెళ్ళు మరి," అని ఆమె రోడ్డు దాటింది.